మంచినీళ్ళ నుయ్యి

బ్యూలా వచ్చినప్పుడు
నేను జాకెట్లకి హుక్కులు కుడుతున్నాను.
"పిన్నీ, మీ నూతి నీళ్ళు ఓ చిన్న సీసాడు కావాలి" అంది.
సీసాడేంది తల్లీ, బిందె తెచ్చుకోలేకపోయావా అన్నాను.

సంగడిగుంటలో మా లైను కొచ్చి
ఎవర్నడిగినా చెబుతారు మా నూతి సంగతి.
చుట్టుపక్కల బోర్లన్నీ ఉప్పు,
సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు.
మా నీళ్ళయితే కందిపప్పు రెండు విజిల్స్‌కే మెత్తబడిద్ది.
నాగూర్ వలీ టీ బండికి పొద్దున్నే నాలుగు బిందెలు,
ట్యాంకరు రాని రోజున లైనంతా మా వాకిట్లోనే.
మా మామ దింపించిన పదహారు వరలు.
పైసా పుచ్చుకుంటే నీళ్ళు చేదెక్కుతాయనేవాడు.
గేటుకి గొళ్ళెం ఉంది గానీ
అది ఎటు తిరుగుద్దో నాకు తెలియదు.

బ్యూలా నా గొప్పలన్నీ విని
సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది.
నా చేద ముంచుతానంటే వద్దంది.
తన సీసాకి తనే దారం కట్టి దింపింది.
మూత లోపలివైపు వేలు తగలనివ్వలేదు.
తర్వాత వేలెడంత గాజు బుడ్డిలో
గీత దాకా పోసి బిగించింది.
"రాత్రంతా వెచ్చగా ఉంచాలి పిన్నీ."
మే నెల గుంటూర్లో వెచ్చదనానికి వెతుక్కోవడమా!
ఇద్దరం నవ్వాం.
కుట్టుమిషను మీద, దారపుండల మధ్య పెట్టాను.
"నల్లబడితే?"
"నల్లబడకూడదు" అంది.
అది నేనడిగిన దానికి జవాబు కాదు.

ఎందుకొచ్చిందో నాకు తెలుసు.
వారంలో ముగ్గురు పిల్లలకి విరేచనాలు,
తిరపతమ్మ మనవడికి సెలైను.
అందరం పానీపూరీ బండిని తిట్టాం.
నేను కాస్త ఎక్కువే తిట్టాను.

తెల్లవారుజామున లేచి చూశాను.
చీకట్లో ఏ బుడ్డయినా నల్లగానే ఉంటుంది కదా అనుకున్నాను.
లైటేశాను.
కాటుక కలిపినట్టుంది.

పారబోసి, కడిగి,
కొన్న నీళ్ళు పోసి పెడితే ఎవరికి తెలిసిద్ది?
అనుకున్న మాట నిజం.
పాలవాడి బండి సందు మలుపు తిరిగినంతసేపు.

బ్యూలా బుడ్డి చూసింది, నన్ను చూడలేదు.
పెరట్లోకి నడిచి టేపుందా అనడిగింది.
భుజాలూ నడుములూ కొలిచే నా టేపుతోనే,
ఒక చివర నేను పట్టుకుని,
నూతి గట్టు నుంచి
పోయినేడు లోనుతో కట్టించిన బాత్‌రూం దాకా.
నీలం టైల్సు, తెల్ల సింకు,
లైనులో అందరికీ పిలిచి చూపించిన బాత్‌రూం.
అయిదడుగుల టేపు మూడుసార్లు వేస్తే
ఇంకా బెత్తెడు మిగిలింది.
గుంట ఎత్తులో ఉంది, నుయ్యి పల్లంలో.

"రుచి మారలేదే" అన్నాను.
"రుచి వేరు పిన్నీ."

నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అనేది మా అత్త.
మధ్యలో ఆయనెందుకు,
రెండూ నీళ్ళకే తెలుసు.

ముందు వలీ దగ్గరికెళ్ళాను.
మరుగుతున్న గిన్నె దించేసి, కాసేపాగి,
"మరిగినవే కదా అక్కా" అన్నాడు, నాకోసం.
తిరపతమ్మ ఏమీ అనలేదు.
అరుగు మీది బిందె ఎత్తి
నా కళ్ళముందే కాలవలో వంచింది.
ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ
మంచినీళ్ళు తాగుతారా అనడిగాను ఇన్నాళ్ళూ.
తాగేవాటికి ముందే మంచి అని పేరు పెట్టేసుకున్నాం,
ఇక చూసేదేముంది?

ఆ సాయంత్రం గొళ్ళెం వేశాను.
తుప్పు పట్టి ఉంది, సుత్తి కావాల్సొచ్చింది.

గుంట మార్చాలి. మొదటి లోనే ఇంకా పదకొండు వాయిదాలుంది.
బ్లీచింగు పోశాం, నీళ్ళు తోడించాం,
మళ్ళీ ఊరనిచ్చాం.
ఇవాళ బ్యూలా ఇంకో బుడ్డిచ్చి వెళ్ళింది.
గుంట అక్కడే ఉండగా ఇదీ పూర్తి మాట కాదని
చెప్పి మరీ వెళ్ళింది.

మిషను మీద పెట్టి, లైటు ఆర్పకుండా
పక్కనే కూర్చున్నాను.
ఏ మూడింటికో
గోడ అవతల్నించి తిరపతమ్మ గొంతు,
పది రోజుల తర్వాత మొదటిసారి:
"ఏం రంగుంది?"

"ఇంకా తెల్లారలేదు" అన్నాను.